ఖాళీగున్నప్పుడే వచ్చే చప్పుడు

బండిలో చప్పుడు వస్తోందని ఎవరొచ్చినా నేను ముందు అడిగేది ఒక్కటే మాట. "ఖాళీగున్నప్పుడా, నిండుగున్నప్పుడా?" దానికి జవాబు చెప్పాక ఇంకో మాట అడుగుతాను. "ఖాళీగున్నది బండా, నువ్వా?"

కుర్రాళ్లు నవ్వుకుంటారు. ముసలాయనకు బోల్టులు వదులయ్యాయనుకుంటారు. అనుకోనీ, నాకేం పోయింది! బండికి ఫోను తగిలించి, దాని రోగం అదే చెప్పుకోవాలనే కాలం వీళ్లది. ఇప్పుడు షెడ్డు చూసుకునే మా కొడుకు ఖాలిద్ కూడా విసుక్కుంటాడు. "అబ్బా, గిరాకీల ముందట గా సవాల్ ఎందుకు అడుగుతవ్?" అంటాడు. ఎందుకో వాడికి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలంటే నా తప్పు చెప్పుకోవాలి. ఈ ఫక్రుద్దీన్‌కు తప్పు ఒప్పుకోవడమంటే పన్ను పీకించుకోవడమే.

కోరుట్లలో జగిత్యాల రోడ్డు మీద ముప్పై ఐదేళ్లుగా నాది ఇదే షెడ్డు. ఆ రోజుల్లో నా చెవే నా పెద్ద పనిముట్టు. ఇంజను మోగుతుంటే దూరంగా నిలబడి చాయ్ తాగుతూ ఎక్కడ కొట్టుకుంటోందో చెప్పేవాణ్ణి. జగిత్యాల నుంచి, మల్యాల నుంచి కూడా బండ్లు వచ్చేవి. గర్వం ఉండేది. లేదని అబద్ధం ఎందుకు చెప్పాలి?

దేవదాస్ సిరిసిల్ల మనిషి. చేతిమగ్గం నేసే ఇంట్లో పుట్టి, తర్వాత ఎనిమిది సాంచాలు పెట్టుకున్నాడు. సాంచాలంటే కరెంటు మగ్గాలు. వాటికి సిరిసిల్లలో ఎవరూ ఇంకో పేరు పెట్టి పిలవరు. అతని భార్య లచ్చవ్వది మా కోరుట్ల. అత్తగారింటికి వచ్చినప్పుడల్లా తన కమాండర్ జీపును నా దగ్గర వదిలేవాడు. జీపు పని అయ్యాక కూడా అతను వెళ్లేవాడు కాదు, నేను పొమ్మనేవాణ్ణి కాదు. అలా ఇరవై ఏళ్లు గడిచాయి. నాకు అతను దేవన్న, అతనికి నేను ఫక్రు భాయ్.

మా ఇద్దరి గొప్పలూ చప్పుళ్ల గురించే. "ఎనిమిది సాంచాలు ఒక్కపారి నడుస్తుంటె ఏ సాంచల నాడె గతి తప్పిందో నేను పండుకోని చెప్త భాయ్," అనేవాడు. నాడె అంటే మగ్గంలో పోగును అటూ ఇటూ మోసుకుపోయేది. "నువ్వు దగ్గితె నీ బీడీ ఏ కంపెనీదో నేను చెప్త," అనేవాణ్ణి నేను. ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లం. ఇప్పుడు తలచుకుంటే అందులో అంత నవ్వేముందో తెలియదు. అయినా ఆ నవ్వు మళ్లీ కావాలనిపిస్తుంది.

ప్రతి దసరాకు అతను అత్తగారింటికి వచ్చేవాడు. జమ్మి కొట్టగానే నేరుగా నా షెడ్డుకు వచ్చి, ఆ ఆకు నా చేతిలో పెట్టి, "బంగారం తీస్కో భాయ్," అని గట్టిగా కౌగిలించుకుని అలాయ్ బలాయ్ ఇచ్చేవాడు. మా దిక్కు దసరానాడు జమ్మి ఆకే బంగారం. చిన్నవాళ్లు తీసుకొచ్చి పెద్దవాళ్ల చేతిలో పెట్టాలి. నేను అతనికంటే ఆరు నెలలు పెద్ద. "ఆరు నెలలకు గింత మర్యాదనా?" అంటే, "ఆరు దినాలైనా పెద్దోడు పెద్దోడే," అనేవాడు.

ఇక రెండు వేల పదకొండు సెప్టెంబరుకు వద్దాం. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు. బడులు బందు, ఆఫీసులు బందు. బొగ్గు గనుల వాళ్లు కూడా సమ్మెలోకి దిగడంతో కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. సిరిసిల్లలో సాంచాలన్నీ నిలబడిపోయాయి. పగలంతా ఊరు నిశ్శబ్దంగా ఉందని, పసిపిల్లలు నిద్రపోవడం లేదని దేవదాస్ చెప్పాడు. అక్కడి పిల్లలకు ఆ చప్పుడే జోల మరి.

చేతులు కట్టుకుని కూర్చోవడం అతని వల్ల కాలేదు. "సాంచాలు ఎట్లన్న నిలవడ్డయ్. నేనన్న నడుస్త," అని కమాండర్ తీశాడు. సిరిసిల్ల నుంచి వేములవాడ మీదుగా కోరుట్ల, కోరుట్ల నుంచి జగిత్యాల. దవాఖానాకు పోయేవాళ్లు, దీక్షా శిబిరాలకు పోయేవాళ్లు, చావుకు పోయేవాళ్లు, ఎవరు చెయ్యెత్తినా ఎక్కించుకునేవాడు. ఎనిమిది మంది కూర్చునే బండిలో పదహారు మంది. వారం తిరగకుండానే బండి వెనక భాగం నేలకు ఆనడం మొదలుపెట్టింది.

"భాయ్, జర కమాన్లు గట్టిగ చెయ్. జనం ఆగుతలేరు," అన్నాడు.

చేశాను. బండి బరువు మోసే కమాన్ పట్టీలు ఉంటాయి కదా, వెనక రెండు వైపులా చెరి రెండు కొత్త పట్టీలు వేశాను. బుష్‌లు మార్చాను. బోల్టులు కొత్తవి. బండి వెనక భాగం నాలుగు వేళ్లు పైకి లేచి దర్జాగా నిలబడింది. "ఇగ ఏనుగునెక్కించుకో," అన్నాను. ఆ రోజు మా చౌరస్తా దీక్షా శిబిరం వాళ్లందరికీ నా పనితనం తిప్పి చూపించాను కూడా.

నాలుగో రోజు దేవదాస్ మళ్లీ వచ్చాడు. "భాయ్, ఎనక టక్కు టక్కు మంటుంది," అన్నాడు.

నేను చేసిన పనిలో చప్పుడా! సరే, చూద్దామని స్టీరింగ్ పట్టుకుని రోడ్డెక్కాను. బండి చౌరస్తా దాటలేదు, ఏడుగురు అడ్డం పడ్డారు. "టెస్టుకు తీస్కపోతున్న, ఎక్కకున్రి," అంటే ఒక ముసలమ్మ గంపతో సహా ఎక్కి కూర్చుని, "నీ టెస్టు నువ్వు చేస్కో కొడుకా, మేం సప్పుడు చెయ్యం," అంది. ఆమె తర్వాత ఇంకో ఐదుగురు. జగిత్యాల దాకా గుంత గుంతకూ చెవి పెట్టి విన్నాను. ఏ చప్పుడూ లేదు. తిరుగు ప్రయాణంలో ఖాళీగా రానిస్తేనా? జగిత్యాలలో పద్నాలుగు మంది ఎక్కారు.

"ఏం లేదు దేవన్నా. మక్కన్ లెక్క మెత్తగ ఉన్నది," అన్నాను. అతను తల గోక్కుని వెళ్లిపోయాడు.

మూడు రోజులకు మళ్లీ వచ్చాడు. బుష్‌లు మళ్లీ మార్చాను. ఉన్న బోల్టులన్నీ మళ్లీ బిగించాను. మళ్లీ రోడ్డెక్కాను, మళ్లీ జనం ఎక్కారు. ఈసారి సమ్మెలో ఉన్న పంతుళ్లు. దారి పొడుగునా జై తెలంగాణ అని అరుస్తూ వచ్చారు. వాళ్ల గొంతుల కింద కూడా నా చెవి బండి మీదే ఉంది. నిజంగానే ఏ చప్పుడూ లేదు.

మూడోసారి వచ్చినప్పుడు షెడ్డు ముందు పది పన్నెండు మంది ఉన్నారు. మధ్యాహ్నం ఎండ, కరెంటు లేదు, వెల్డింగు పనులు ఆగిపోయి నాకు అసలే ఒళ్లు మండుతోంది. దేవదాస్ బండి దిగి మెల్లగా అన్నాడు. "భాయ్, కోపం చెయ్యకు. గా సప్పుడు ఖాళీగున్నప్పుడే వస్తుంది."

నేను విన్నది ఏమిటంటే, అతను ఖాళీగా ఉన్నప్పుడు, పనీపాటా లేనప్పుడు వస్తోందని. నా చెవి అంత గొప్పది మరి!

"ఖాళీగుంటె గట్లనే ఉంటది!" అని అరిచాను. "సాంచాలు బందైనయ్. చేతికి పని లేదు. చెవికి ఏదో ఒకటి ఇనవడ్తది. రోగం బండికి కాదు దేవన్నా, నీకు! నీది ఖాళీ రోగం!"

అందరూ గొల్లున నవ్వారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నేనూ నవ్వాను, సిగ్గు లేకుండా.

దేవదాస్ నవ్వలేదు. పదేళ్ల వయసు నుంచి మగ్గం దగ్గర కూర్చున్న మనిషి. పని లేని రోజు అతని బతుకులో అదే మొదటిసారి. ఆ గాయం మీద నేను నలుగురిలో కాలు పెట్టి తొక్కాను. అతను నా వైపు ఒక్కసారి చూశాడు. "ఔ భాయ్. ఖాళీగనే ఉన్న," అని, బండెక్కి వెళ్లిపోయాడు.

అప్పటికైనా వెనకాల పరిగెత్తాలి కదా? పరిగెత్తలేదు. రేపు వస్తాడులే అనుకున్నాను. రాలేదు. వారమైనా రాలేదు. అతని జీపు చౌరస్తాలో జనాన్ని దించి అటు నుంచి అటే తిరిగిపోతోందని చెప్పారు. మా ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ. కానీ నన్ను తిట్టాలంటే మా ఆవిడ కుల్సుమ్ బీ తెలుగులోకి దిగుతుంది. "నీ నోరా అది, మోరీనా? ఇరవై ఏండ్ల దోస్తును ఒక్క మాటకు పోగొట్టుకుంటివి. పో, పోయి మాట్లాడు!" అంది. "నేనెందుకు పోవాలె? ఆయనే రావాలె," అన్నాను. ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

దసరా వచ్చింది. సమ్మె ఇంకా నడుస్తూనే ఉంది. అంతకు ముందురోజు పడ్డ వానకు నా షెడ్డు ముందు రోడ్డు మీద మోకాలిలోతు గుంత పడింది. పూడ్చే మున్సిపాలిటీ వాళ్లు కూడా సమ్మెలోనే ఉన్నారు. పండుగ రోజు షెడ్డుకు పనేం లేదు. అయినా షట్టరు సగం ఎత్తి లోపల కూర్చున్నాను. కుల్సుమ్ బీ అడిగితే సామాను సర్దుతున్నానని చెప్పాను. నిజానికి సర్దుతున్నది ఏమీ లేదు, అతని కోసం ఎదురుచూస్తున్నాను. ఏమో, పండుగ కదా, వస్తాడేమో!

సాయంత్రం జమ్మి కొట్టి జనం తిరిగి వస్తున్న వేళకు బయట గుంతలో టక్ అని గట్టిగా చప్పుడైంది. చటుక్కున తలెత్తాను. షట్టరు కింది నుంచి వంగి బయటికి వచ్చేసరికి మలుపు దగ్గర కాస్త పొగ తప్ప ఏమీ లేదు. ఎవరిదో ఖాళీ ట్రాలీ అనుకున్నాను. చీకటి పడేదాకా కూర్చుని షట్టరు దించాను. ఇరవై ఏళ్లలో మొదటిసారి నా చేతిలో జమ్మి పడలేదు. ఏడుపొచ్చింది. వచ్చిందంటే వచ్చింది, దాచేదేముంది.

సమ్మె ముగిసింది. బస్సులు కదిలాయి, బడులు తెరిచారు. ఒకరోజు కుల్సుమ్ బీ వంటింట్లోంచి కేకేసింది. "సిలిండర్ ఖాళీ అయింది. షెడ్ల కూసునే బదులు జర మార్చుకోని రా!"

పాత స్కూటరు వెనక ఖాళీ సిలిండరు కట్టుకుని బయల్దేరాను. ప్రతి గుంతకూ అది ఎగిరి స్టాండుకు కొట్టుకుంటూ ఊరంతా వినబడేలా ఒకటే చప్పుడు. గ్యాసు ఆఫీసులో నిండుది తీసుకుని అదే దారిన తిరిగి వస్తున్నాను. అవే గుంతలు, అదే తాడు. కిక్కురుమనలేదు. బరువుకు కదలకుండా కూర్చుంది.

నడిరోడ్డు మీద స్కూటరు ఆపేశాను. వెనకాల ఆటోవాడు, "ఓ చాచా, పక్కకు జరుగు!" అని మొత్తుకుంటున్నాడు. నాకు మాత్రం దేవదాస్ మాటే వినబడుతోంది. ఖాళీగున్నప్పుడే వస్తుంది.

అయ్యో నా ఖర్మ! అతను చెప్పింది బండి గురించి!

ఇక అంతా బొమ్మ గీసినట్టు కనబడింది. కొత్త పట్టీలు వేసి బండిని పైకి లేపాను. కానీ కుదుపును ఆపే షాకబ్జర్లు పాతవే ఉంచేశాను. అవి పొట్టివి. జనం ఉంటే బండి కిందికి దిగుతుంది కనక వాటికి ఇబ్బంది లేదు. అందరూ దిగిపోయాక బండి పూర్తిగా లేచి, అవి చివరిదాకా సాగిపోతాయి. ఇంకా సాగడానికి చోటు లేక, గుంత రాగానే టక్కున కొడతాయి. సమ్మె రోజుల్లో నాకు బండి ఖాళీగా దొరికిందెక్కడ? జనంతో నిండిన బండినే పరీక్ష చేశాను. వేములవాడలో చివరి మనిషి దిగిపోయాక సిరిసిల్ల దాకా ఒంటరిగా వెళ్లేది అతనొక్కడే. ఆ చప్పుడు అతనికి ఒక్కడికే వినబడేది.

మర్నాడు పొద్దున్నే జగిత్యాల వెళ్లి పొడుగు షాకబ్జర్లు రెండు కొన్నాను. పానాల సంచీ భుజానికి తగిలించుకుని సిరిసిల్ల బస్సెక్కాను. దారంతా మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. ఇలా అనాలి, అలా అనాలి, ముందు సలాం చెప్పాలి, కోపం చేస్తే పడాలి.

ఇంటి ముందు లచ్చవ్వ కనబడింది. నన్ను చూసి కొంగు సర్దుకుని, "ఇన్ని దినాలకు తొవ్వ దొరికిందా అన్నా?" అంది. ఆ మాటకే నా మొహం కిందికి వాలిపోయింది. కమాండర్ వాకిట్లో ఒక మూలన దుమ్ముపట్టి ఉంది. దేవదాస్ సాంచాల దగ్గరే ఉన్నాడని చెయ్యి చూపింది.

వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. ఎనిమిది సాంచాలూ నడుస్తున్నాయి. నేల అదురుతోంది. దేవదాస్ తెగిన పోగు ముడివేస్తూ తలెత్తి నన్ను చూశాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"దేవన్నా, తప్పు నాది!" అన్నాను.

"ఏంది?" చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"తప్పు! నాది!"

"చెప్పా?" అని నా కాళ్లకేసి చూశాడు. "చెప్పు తెగిందా?"

ఆ చప్పుడులో ఇంకెంత అరవను! గొంతు పోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అతను చేతిలోని పోగు వదిలేశాడు. తర్వాత లేచి ఒక్కో స్విచ్చు దగ్గరికీ వెళ్లి కట్టేశాడు. ఒకటి, రెండు, మూడు. చివరి సాంచ ఆగాక నా ఊపిరి నాకే వినబడింది. నెలన్నర కరెంటు కోసం అల్లాడిన మనిషి, కరెంటు ఉండగా తన చేతులతో ఎనిమిదీ ఆపేశాడు.

"ఇగో, అన్నీ ఖాళీ వెట్టిన," అన్నాడు. "ఇప్పుడు చెప్పు భాయ్."

"బండిల సప్పుడు ఉన్నది," అన్నాను. "నీకు ఇనవడ్డది నిజం. నేనే చెవిటోన్ని."

తెచ్చిన పొడుగు షాకబ్జర్లు చూపించాను. అతను వాకిట్లోకి వచ్చి జాకీ తీశాడు. పాత షాకబ్జర్లు విప్పి పొడుగువి వేయడానికి గంట పట్టింది. లచ్చవ్వ మక్క గారెలు తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. తింటూ పని చేశాం.

తర్వాత వేములవాడ రోడ్డు మీదికి తీశాం. బండిలో మేమిద్దరమే. ఎవరూ చెయ్యెత్తలేదు, బస్సులున్నాయి కదా. దేవదాస్ కావాలని గుంతలన్నీ ఏరి ఏరి తొక్కించాడు. చప్పుడు లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు.

నేను అప్పుడే ముందున్న అర చూశాను. పాత రసీదుల పైన దారంతో కట్టిన చిన్న రెమ్మ ఉంది. ఆకులు ఎండి సగం రాలిపోయాయి. జమ్మి.

"గిదేంది?" అన్నాను.

దేవదాస్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "నీదే. పండుగనాడు మీ షెడ్డు దాక వచ్చిన భాయ్. షట్టర్ సగం లేచి ఉండె. దిగుదామనుకునేవరకు గుంతల పడి బండి టక్కుమన్నది. మల్ల ఆ సప్పుడు సంగతే అంటవని భయమైంది. తిప్పుకోని వచ్చిన."

ఆ చప్పుడు నేను విన్నాను! నా చెవి విన్నది. మనిషే లేచేసరికి ఆలస్యమైంది. "నేను బయటికొచ్చిన దేవన్నా," అన్నాను. "నీ కోసమే కూసున్న. బయటికొచ్చిన."

అతను బండి పక్కకు ఆపాడు. ఇంజను కట్టేశాడు. ఆ ఎండిన రెమ్మ తీసి నా చేతిలో పెట్టి, "బంగారం తీస్కో భాయ్," అన్నాడు. దసరా వెళ్లిన ఇరవై రోజులకు, మక్క చేను పక్కన, గ్రీజు చేతులతో అలాయ్ బలాయ్ ఇచ్చుకున్నాం. ఇద్దరి చొక్కాలూ పాడయ్యాయి. కుల్సుమ్ బీ ఆ చొక్కా ఉతకడానికి మూడు రోజులు పట్టిందని ఇప్పటికీ అంటుంది.

మరో మూడేళ్లకు తెలంగాణ వచ్చింది. కమాండర్ ముసలిదై పోయింది. ఆరేళ్ల కింద దేవదాస్ కూడా పోయాడు. ఆ రోజు సిరిసిల్లలో అతని వాడ సాంచాలన్నీ కట్టేశారు.

నా షెడ్డు ముందు ప్రతి వానాకాలం అదే చోట గుంత పడుతుంది. పూడుస్తారు, మళ్లీ పడుతుంది. నేను లోపల కుర్చీలో కూర్చుని ఉంటాను. దసరా దగ్గరపడ్డ రోజుల్లో ఏ ఖాళీ బండో అందులో పడి టక్కుమంటుంది. మోకాళ్లు రావు, అయినా లేస్తాను. షట్టరు దాకా వెళ్లి రోడ్డు మలుపు వైపు చూస్తాను.

"ఏంది అబ్బా, ఖాళీగున్నవా?" అని అడుగుతాడు ఖాలిద్, ఏదో పని చెప్పడానికి.

"ఔ బేటా," అంటాను. "ఖాళీగనే ఉన్న."